రోజుకో ఏడాది

మా హైస్కూల్లో గంట కొట్టేది నేను. తాళాలు వేయడం, అద్దాలు తుడవడం, చెట్లకు నీళ్ళు పోయడం కూడా నా పనే. పేరు పెన్నోబులయ్య. ఊరిబడిలో ఐదు దాకా చదివాను. అవసరమైతే తప్ప నోరు తెరవనని ఊళ్ళో నాకు పేరుంది. అది మంచిపేరేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ ఏడు జూలైలో తొమ్మిదో తరగతికి పెట్టె వచ్చింది. ఏదో పరిశోధన కేంద్రం వాళ్ళు లారీలో తెచ్చి సైన్సు గదిలో దించిపోయారు. బీరువాను పడుకోబెట్టినంత గాజుపెట్టె. పైన పండిన ఈతకాయ రంగు దీపం, పక్కన వాన కురిపించడానికి సన్నటి గొట్టాలు, ఒక చివర చెయ్యి పట్టేంత చిన్న తలుపు. గుట్ట వెనక బీడు నుంచి మోకాటి లోతు మట్టిని గడ్డితో, పురుగులతో సహా పెళ్ళగించి, ఉన్నది ఉన్నట్టు అందులో పెట్టారు.

సైన్సు చెప్పే రెహానా మేడమ్ మొదటిరోజు ఏమీ వివరించలేదు. పొడవాటి పట్టకారుతో ఒక అనపగింజను లోపలికి జారవిడిచి హాజరు పిలవడం మొదలుపెట్టింది. ముప్పై పేర్లు పిలిచేసరికి మొలక రెండాకులు వేసింది. రెండో పీరియడ్‌లో తీగ గాజుకు ఎగబాకింది. ఇంటర్వెల్‌కి నేను గంట కొట్టి వచ్చేసరికి కాయలు ఎండి, పిల్లలందరూ గాజుకు ముక్కులు ఆనించి నిలబడి ఉన్నారు.

"ఈ దీపం కింద ప్రాణమున్నదేదైనా తొందరగా పెరుగుతుంది, తొందరగా ముసలిదవుతుంది. మన బడి మొదలయ్యేటప్పటికి తొలకరి. భోజనం గంటకు చలికాలం. ఇంటికి పోయే గంటకు ఎండాకాలం. రోజుకో ఏడాది. సాయంత్రం దీపం తగ్గిస్తే మళ్ళీ తెల్లారిందాకా లోపల అన్నీ నిద్రపోతాయి" అంది మేడమ్. "నలభై రోజులు చూద్దాం. మనిషి చెయ్యి పడకుండా ఒక బీడు నలభై ఏళ్ళు ఎట్లా బతుకుతుందో. అందుకే చెయ్యి మాత్రం ఎవరూ లోపల పెట్టకూడదు."

"మేడమ్, లెక్కల సారును ఒక నాలుగురోజులు పండబెడదామా?" అన్నాడు బాషా. "రిటైరై ఇంటికి పోతాడు పాపం."

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

తరువాత చీటీలు వేశారు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రాణి. దాన్ని గమనించడం, అది ఏం తింటుందో, దాన్ని ఏది తింటుందో రాయడం వాళ్ళ బాధ్యత. బాషాకు వానపాము వచ్చింది. "సరిగ్గా సరిపాయ, వీడూ పొద్దస్తమానం మన్నులోనే గదా పొర్లేది" అన్నారు వెనక బెంచీ వాళ్ళు. గంగోత్రికి నువ్వుగింజంత నల్ల తేనెటీగ వచ్చింది. ఈగనుకుని తోలేస్తాం అలాంటివాటిని. ఆ పిల్ల మాత్రం చీటీని మడిచి జామెట్రీ డబ్బాలో దాచుకుంది.

గంగోత్రి గొర్రెల కాపరి హనుమంతు కూతురు. తొమ్మిదో తరగతితో చదువు చాలని హనుమంతు ఊరంతా చెప్పేశాడు. కేంద్రం వాళ్ళు ఒక మాట అన్నారు: పెట్టెను చూసుకుంటూ పుస్తకం సరిగ్గా రాసిన పిల్లనో పిల్లవాణ్ణో తమ దగ్గరే పెట్టుకుని ఇంటర్ దాకా చదివిస్తామని. మేడమ్ ఆ పుస్తకాన్నీ, పెట్టె తాళంచెవినీ గంగోత్రికే ఇచ్చింది. తాళంచెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుని తిరిగేది. ఎవరికీ ఇవ్వకూడదన్నది షరతు.

నాకు ఇచ్చేది. ఎందుకంటే లోపల ఆవిరి పట్టి అద్దం మసకబారేది. కర్రకు గుడ్డ చుట్టి తలుపులోంచి తుడవాలి. భోజనం గంట కొట్టగానే పిల్లలు పళ్ళేలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. గంగోత్రి తాళంచెవి నా చేతిలో పెట్టి, "పెదనాయనా, అద్దం తుడిచిపెట్టు, తినొస్తా" అని పోయేది. నన్ను నమ్మడానికి ఆ పిల్లకు వేరే కారణం అక్కర్లేదు. నేను పెదనాయనను.

పదోరోజున మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. పెట్టెలోకి వంగి చూశాడు. తుంగ, గరిక, పల్లేరు, ఉత్తరేణి, వాటి మధ్య తెల్లటి తుమ్మిపూలు, అన్నిటిమీదా పాకుతూ బుడమతీగ. అద్దం అవతల అడుగు నేల కనిపించడం లేదు.

"ఏం పాపా, కలుపు ఇంత బలిసింది. ఇది చేనా, బీడా?" అన్నాడు.

"బీడే సార్" అంది గంగోత్రి.

ఆయన నవ్వాడు. వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు. హెడ్మాస్టరూ నవ్వాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ నవ్వు నా చెంపమీద కొట్టినట్టు తగిలింది.

మా వైపు చేలో కలుపు పెరగనివ్వడమంటే మామూలు సంగతి కాదు. దారిన పోయేవాడు గట్టుమీద ఆగుతాడు. "ఎవరిదప్పా ఈ చేను? ఇంట్లో ఎవరన్నా పోయినారా?" అని అడుగుతాడు. సాలు పూర్తిగా తీస్తే గాని మా నాయన సద్దిమూట విప్పేవాడు కాదు. నాకు ఆరేళ్ళప్పుడు తుంగగడ్డ వేరు తెగ్గొట్టానని చెవి మెలేశాడు. ఆ పెట్టె గంగోత్రి చేను అని నా మనసులో ఎప్పుడు పడిందో నాకే తెలియదు. దాన్ని చూసి పదిమంది నవ్వారన్నదొక్కటే నిలిచిపోయింది.

మరునాడు భోజనం వేళ అద్దం తుడిచాక పట్టకారుతో రెండు తుంగలు లాగాను. పైన తెగి వచ్చాయి. వేరు లోపలే ఉంది. కలుపు వేరుతో రాకపోతే తీసినట్టు కాదు. కుడిచెయ్యి లోపల పెట్టాను.

చీమలు పాకినట్టనిపించింది. వేరే నొప్పేమీ లేదు. అరగంట తీశాను. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే గోళ్ళు మూడువారాలు తీసుకోనివాడి గోళ్ళలా పెరిగి ఉన్నాయి. చెయ్యి కాస్త చిక్కిపోయింది. మూడువారాల తిండి లేకుండా మూడువారాలు బతికింది మరి. గంట కట్టిన దూలం వెనక నిలబడి బ్లేడుతో గోళ్ళు కోసుకున్నాను. వేళ్ళతో సహా వచ్చిన మొక్కలను లుంగీ మడతలో పెట్టుకుని పోయి పెంటదిబ్బలో వేశాను.

అట్లా ఇరవై మూడు రోజులు.

లోపల నేల కనబడుతూ వచ్చేకొద్దీ నాకు తృప్తిగా ఉండేది. ఇంకో అధికారి వస్తే ఇప్పుడు ఏమంటాడో చూడాలనుకున్నాను. పుస్తకంలో గంగోత్రి రాస్తూనే ఉంది: పల్లేరు లేదు, ఉత్తరేణి లేదు, సీతాకోకలు నిన్నటికంటే తక్కువ. "మేడమ్, ఇవి ఎందుకు తగ్గుతాన్నాయి?" అని అడిగేది. "కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. రాస్తూ పో" అనేది మేడమ్. నేను వింటూ వరండా ఊడ్చేవాణ్ణి. నా చెయ్యి ఎముకలు తేలి, మణికట్టు దాకా ముసలివాడిదైంది. వెంట్రుకలు నెరిశాయి. చొక్కా చేతులు వేళ్ళదాకా దించుకుని తిరిగాను.

ముప్పైనాలుగో రోజు తేనెటీగలు రాలేదు. బుడమతీగ ఎప్పటిలాగే నిండా పూసింది. పూలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒక్క పిందె పడలేదు. గంగోత్రి భోజనానికి కూడా పోకుండా అక్కడే కూర్చుంది. నేను తాళంచెవి అడగలేదు. తినే కాయని వదిలిన బుడమ, పశువుల మేతని వదిలిన గరిక తప్ప ఆ రోజు తీయడానికి లోపల ఏమీ లేదు కూడా.

ముప్పైఐదో రోజు బుడమ మొలవలేదు. బుడమపండు తినే పెంకుపురుగులు మధ్యాహ్నానికి లేవు. వాటిని తినే సాలీళ్ళు సాయంత్రానికి లేవు. ముప్పైఆరో రోజు తినేవాళ్ళు లేక మిడతలు లేచాయి. మిగిలిన గడ్డినంతా కొరికేశాయి. గాజు మీద అవి కొట్టుకునే చప్పుడు గంట కట్టిన చోటిదాకా వినబడింది. ముప్పైఏడో రోజు ఇంటికి పోయే గంట కొట్టి వచ్చేసరికి లోపల ఎండిన మట్టి, దానిమీద ఊకలాగా మిడతలు.

"నా వానపాములు ఉంటాయి మేడమ్. అవి కింద ఉంటాయి" అన్నాడు బాషా. పట్టకారుతో మట్టి పెళ్ళగించాడు. ఒక మూల, ఇంకో మూల. చివరికి పట్టకారు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. వాణ్ణి ఆ రోజు ఎవరూ ఎగతాళి చేయలేదు.

కేంద్రం నుంచి ఒకాయన వచ్చాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ పెట్టె తనే రాసుకుంటుందట. అది మాకు తెలియదు. అద్దం తుడిచే రెండుమూడు నిమిషాలు కాకుండా ఇరవై మూడు సార్లు, భోజనం వేళ, అరగంట చొప్పున. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు.

హెడ్మాస్టరు వెంకటరాముడు గారు గంగోత్రిని ముందుకు పిలిచారు. "చెవి ఎవురికన్నా ఇస్తివా పాపా?"

"లేదు సార్. నా దగ్గరే ఉన్నింది."

"మరి తలుపు తెరిచింది ఎవురు? దయ్యాలా?"

గంగోత్రి ఒక్కసారి తల తిప్పి నా వైపు చూసింది. నేను కుడిచెయ్యి తువ్వాల కింద పెట్టుకుని ఉన్నాను.

"ఓబులన్నా, నువ్వు ఆ టైంలో ఈడనే ఉంటావు గదా. నువ్వేమన్నా చూస్తివా?" అన్నారు హెడ్మాస్టరు.

నేను తల అడ్డంగా ఆడించాను. మాట కూడా కాదు. తల ఆడించాను.

"ఓబులన్న చూసింటే చెప్పేటోడే" అన్నారు ఆయన ఆ కేంద్రం మనిషితో. "మాట్లాడడు గాని అబద్ధం ఆడడు."

కేంద్రం చదివించే చోటుకు గంగోత్రి పేరు కొట్టేశారు. ఆ పిల్ల పుస్తకం బల్లమీద పెట్టి, మెడలోంచి దారం తీసి పుస్తకం మీద పెట్టి, బయటికి నడిచింది. మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మేడమ్ రెండుసార్లు ఇంటికి పోయి వచ్చింది. "వాళ్ళ నాయన గొర్రెలకాడికి తోలినాడు. ఎట్లైనా తోలేవాణ్ణే, ఆరేడు నెల్లు ముందైంది అంతే అన్నాడు" అని స్టాఫ్ రూములో చెబుతుంటే విన్నాను.

హాజరు పిలిచేటప్పుడు మేడమ్ ఆ పేరు దగ్గర ఆగేది. ఆగి ముందుకు పోయేది. నేను గంట దగ్గర నిలబడి ఆ ఆగడాన్ని వినేవాణ్ణి. ఇంట్లో నా భార్య "చెయ్యికి ఏమైంది?" అని అడిగితే దద్దు అన్నాను. అన్నం ఎడమచేత్తో తినలేను. ఆ ముసలిచేత్తోనే కలుపుకుని తినేవాణ్ణి. పదకొండు రోజులు గడిపాను. ఎన్నో పనులు గుర్తుపెట్టుకుని చేశాను. బావి దగ్గర తాడు మార్చాను. గేటుకు రంగు వేశాను. ఆ ఒక్క పనీ చేయలేదు.

పన్నెండో రోజు ఆదివారం. గుట్ట వెనక బీడుకు పోయాను. హనుమంతు దూరంగా చెట్టుకింద పడుకుని ఉన్నాడు. "ఏమప్పా ఓబులన్నా, గంట కొట్టేది ఇడిసి గొర్లు మేపను వస్తివా?" అని అరిచాడు. నేను చెయ్యెత్తి ఊపాను. ఎడమచెయ్యి.

గంగోత్రి రాతిమీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే కూడబలుక్కుని వచ్చాను. ఒక్క ముక్కా రాలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి ఆ పిల్ల ముందు చాచాను.

"నాకు తెలుసు పెదనాయనా" అంది.

"ఎప్పట్నుంచి?"

"సారు అడిగిన పొద్దు. అంతకు ముందే చూస్తి, దూలం వెనక నువ్వు ఒక్క కుడిచేతి గోళ్ళే కోసుకుంటాంటివి. ఆపొద్దు తువ్వాల కింద పెట్టుకుంటివే, అప్పుడు అర్థమాయ."

"మరి నా పేరు చెప్పలేదే?"

గంగోత్రి ఒక గొర్రెపిల్లను దగ్గరికి లాక్కుని దాని చెవిలో ముల్లు తీసింది.

"నువ్వు చెప్తావనుకుంటి" అంది.

గొర్రెలు మా చుట్టూ మేసుకుంటూ పోయాయి.

"ఎందుకు పీకితివి?" అని తనే అడిగింది.

"ఆ ఆఫీసరు నవ్వినాడు గదమ్మా. నీ చేనును చూసి. పదిమందిలో నీకు..."

"అది చేను కాదు పెదనాయనా. బీడని నేను చెప్తిని గదా ఆయప్పకు. సరిగ్గానే చెప్తిని. నవ్వింది ఆయప్ప. నాకేం సిగ్గు?"

ఆ పిల్లకు లేని సిగ్గును నేను నెత్తిన వేసుకుని, దానికోసం ఆ పిల్లనే కూల్చాను.

"రేపు బడికి రా" అన్నాను.

"వచ్చి?"

"చెప్తా. నువ్వుంటేనే చెప్తా. లేకుంటే మళ్ళా తల ఊపుతానేమో."

నా మొహంలోకి చూసింది. నమ్మిందని చెప్పలేను. ఎందుకో లేచి, "నాయనా, రేపు నేను బడికి పోతాండా" అని అరిచింది. హనుమంతు ఏదో తిట్టాడు. వినపడనట్టు గొర్రెలను మళ్ళించింది.

సోమవారం మొదటి పీరియడ్‌లో సైన్సు గదిలోకి పోయాను. మేడమ్ బల్లమీద చెయ్యి పెట్టి చెప్పాను. మూడు వాక్యాలు అయ్యాయి. ముందు ఎవరో ముక్కుతో నవ్వారు, నేను ఏదో ఆట ఆడుతున్నానని. తర్వాత చెయ్యి చూశారు. హెడ్మాస్టరును పిలిచారు. ఆయన నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. "మా ఓబులన్నేనా?" అని మేడమ్‌ను అడిగి, కుర్చీలో కూర్చుండిపోయారు.

మేడమ్ కేంద్రానికి ఫోను చేసింది. అక్కడినుంచి వచ్చిన జవాబు మాకందరికీ వినిపించింది. గంగోత్రి చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. కానీ క్షమాపణలు వాళ్ళకు అక్కర్లేదట. ఏ మొక్క, ఏ రోజు, ఏ స్థితిలో ఉండగా తీశారో పూర్తిగా రాసి పంపాలి. బీడు ఎందుకు చచ్చిపోయిందో ఆ పిల్ల పుస్తకం చెప్పగలిగితే అప్పుడు చూస్తాం. ఊరికే ఎవరో పీకారంటే అది పుస్తకం కాదు అన్నారు.

గంగోత్రి పుస్తకం తెరిచి నా ఎదురుగా కూర్చుంది. మిగతావాళ్ళు చుట్టూ చేరారు.

"మొదటి రోజు?" అంది.

"తుంగ. తొమ్మిది గడ్డలు."

"రెండో రోజు?"

"తుంగ ఆరు. పల్లేరు నాలుగు."

నాకు అన్నీ గుర్తున్నాయి. తీసిన కలుపును నేను ఎప్పుడూ మరిచిపోను. ఏ మూల ఎన్ని ఆకులమీద ఉందో, వేరు ఎంత లోతు పోయిందో చెప్పాను. ఎన్ని ఏళ్ళ మాటలో ఆ ఒక్క పూట మాట్లాడాను. ఒక్కోదానికి ఒక్కో పిల్ల, పిల్లవాడు లేచి తన నోటుబుక్కు చూసుకుని "ఆ రోజే మేడమ్, నా ఎర్రచీమలు తగ్గింది", "నా సీతాకోక గుడ్లు పెట్టేది దానిమీదే మేడమ్" అంటున్నారు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. లెక్క కుదిరిన సంతోషం ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది నాకు. మేడమ్ నల్లబల్లమీద పేర్లు రాసి గీతలు కలుపుతూ పోయింది. ప్రతి గీతా నేను తీసిన మొక్క దగ్గర తెగుతోంది.

"ఇరవై మూడో రోజు?" అంది గంగోత్రి.

"తుమ్మి. పదకొండు."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటీ ఇడవలేదు."

రాసుకుంది. తల ఎత్తకుండా అడిగింది. "చలికాలం గదా అప్పుడు లోపల. బుడమ ఎండిపోయింటాది. వేరే పూలు ఏమన్నా ఉండెనా?"

"లేవు. తుమ్మి ఒకటే పూసింది."

"నా తేనెటీగలు ఆపొద్దు ఉండెనా?"

లేవని చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. ముందే పోయాయనుకుంటారు. ఆ చిన్న తలుపులోంచి లోపలికి చూసింది నేనొక్కణ్ణే.

"ఉండె" అన్నాను.

"యాడుండె?"

"పూలమీద. చానా ఉండె. వంగి తాగుతాండె."

గంగోత్రి కలం ఆగింది. "మరి పీకేటప్పుడు ఏం చేస్తివి?"

ఈగలనుకోలేదు నేను. అవి ఏమిటో తెలుసు. చీటీ వచ్చిన రోజునుంచి ఆ పిల్ల వాటిగురించే మాట్లాడేది.

"చేత్తో తోలినా" అన్నాను.

ఆ మాటకూడా రాసుకుంది.